పండగ చేసుకుని ఓడెక్కాం: లక్షద్వీప్ ప్రయాణానికి కాలం, దారి ఎలా తేల్చుకున్నామంటే

మా ఇంట్లో ఏ ప్రయాణమైనా ముందు రొయ్యల గుంటల్ని అడిగాకే. విడవలూరు వైపు మా ఆయనకు వనామీ గుంటలున్నాయి. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో రొయ్య పిల్ల వదిలారంటే పట్టుబడి అయ్యేదాకా మనిషి ఊరు దాటరు. పిల్లలకు వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. చలికాలంలో రొయ్యలకొచ్చే తెల్లమచ్చ తెగులు భయంతో గుంటలు ఎండగట్టేస్తారు కాబట్టి నవంబరు నుంచి జనవరి ఆఖరు దాకా ఆయనకు కాస్త తీరిక. నాది నెల్లూరులో బ్యాంకు ఉద్యోగం. మార్చి దగ్గర పడితే సెలవు మాటే ఎత్తలేను. ఓడలో దీవులు చూసి రావాలని చాలాకాలంగా అనుకుంటున్నాం గానీ, ఎప్పుడు వెళ్ళాలనేది మా చేతిలో ఉన్నది ఆ మూడు నెలల మేరకే.

ఆ మూడు నెలల్లో రెండు నెలలు ఎలాంటివో నెల్లూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. కృష్ణపట్నం పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో వచ్చిందంటే ఇంట్లో పాల ప్యాకెట్లు, ఇన్వర్టర్ నీళ్ళు చూసుకుంటాం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను కబుర్లు అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2015 నవంబరు వరదలు నాకే గుర్తున్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మమ్మల్నీ చెన్నైనీ తడిపి పోయింది. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లకు పెద్ద సీజను, మే చిన్న సీజను. అంటే మాకు మిగిలింది జనవరి.

నెల ఖాయమయ్యాక దారి వెతకడం మొదలుపెట్టాను. నిజానికి చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఫోటో చూసి దీవి నచ్చుతుంది, ఆఫర్ చూసి నెల నచ్చుతుంది, వాతావరణం సంగతి అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది. నేను కలిసిన ట్రావెల్స్ ఆయన కూడా అదే పద్ధతిలో ఉన్నాడు. ఏ దీవి పేరు చెప్పినా "ఎప్పుడైనా బాగుంటుంది మేడం" అన్నాడు. ఫుకెట్‌కు సెప్టెంబరులో సగం ధరకే ప్యాకేజీ ఉందని కాగితం చేతిలో పెట్టాడు. థాయ్‌లాండ్ పడమటి ఒడ్డున మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం. ఆ సగం ధర ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. కాగితం మాత్రం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను, మా ఆయనకు చూపించి నవ్వుకోవడానికి.

అసలు పాఠం మా గుంటల దగ్గర దొరికింది. పక్కన పల్లెపాలెంలో ఒకాయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు చెన్నై కాసిమేడు చేపల బోట్లలో పనిచేశాడు, ఇప్పుడు ఊళ్ళోనే సొంత బోటు. నేను ఫోనులో నెలల వారీగా రాసుకున్న పట్టిక చూపించి "అన్నా, జనవరిలో ఏ సముద్రం నెమ్మదిగా ఉంటుంది?" అని అడిగాను.

"నెల్ని చూస్తే ఎట్టా తెలస్తాదమ్మా? గాలి యాడ నుంచి వస్తా ఉండాదో చూడు. నువ్వు పోయే చోటికీ ఆ గాలికీ మధ్యలో భూమి అడ్డం ఉండాదా లేదా చూడు. అడ్డం ఉంటే నీళ్ళు పడుకోనుంటాయి. లేకుంటే లేస్తాయి," అన్నాడు.

నా పట్టిక అంతా ఈ ముక్కతో మళ్ళీ రాశాను. జనవరిలో గాలి ఈశాన్యం. అది బంగాళాఖాతం మీదుగా వచ్చి మన ఒడ్డుకు తగులుతుంది, అందుకే ఆ నెలలో వాన లేకపోయినా మా మైపాడు బీచ్‌లో అలలు కసిగానే ఉంటాయి. అదే గాలి పశ్చిమ కనుమలు దాటి కేరళ వైపు దిగేసరికి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు దగ్గర అల పెరగడానికి దానికి చోటు ఉండదు. అరేబియా సముద్రం ఆ నెలల్లో పడుకుని ఉంటుంది. జూన్‌లో నైరుతి వచ్చాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు లక్షద్వీప్‌కు, గాలికి మధ్యలో ఏ భూమీ లేదు. అలలు మూడు మీటర్లు దాటడం ఆ సీజన్‌లో మామూలు సంగతి. చిన్న పడవలు ఒడ్డుకు లాగేస్తారు, టూరిస్టుల ప్రయాణాలు ఆగుతాయి.

ఇదే సూత్రం పెట్టి మిగతా దారులన్నీ చూశాను. అండమాన్ మొదట అనుకున్నది, ఎందుకంటే చెన్నై మనకు దగ్గర, అక్కడి నుంచి ప్రభుత్వ ఓడ ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొడి కాలమే. మే మూడో వారానికల్లా నైరుతి ముందుగా తగిలేది వాళ్ళకే. దీవుల వరకు ఏ పేచీ లేదు, పేచీ అంతా దారితోనే. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్, ఇప్పటి శ్రీవిజయపురం, సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడకు దాదాపు మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ నడి బంగాళాఖాతంలో, ఈశాన్యపు గాలికి పక్క చూపిస్తూ వెళ్ళాలి. మళ్ళీ అంతే తిరుగు ప్రయాణం. అవి దీవుల వాళ్ళ రాకపోకలకు నడిపే ఓడలు, వాటిలో సరదా వెతకడం న్యాయం కాదు. అండమాన్ చూడాలంటే విమానంలో వెళ్ళి అక్కడి ఫెర్రీల్లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ తిరగడమే తెలివని నా అభిప్రాయం.

సింగపూర్ నుంచి పినాంగ్, ఫుకెట్ వెళ్ళే ఓడ చాలా ఊరించింది. మలక్కా జలసంధికి ఒక పక్క సుమత్రా, ఇంకో పక్క మలయా. రెండు వైపులా భూమి ఉంది కాబట్టి ఏడాదంతా పెద్ద అలలు రావు. సింగపూర్‌లో జనవరిలో వాన పడితే పడుతుంది గానీ పినాంగ్, ఫుకెట్ ఆ నెలలో పొడిగా ఉంటాయి. పినాంగ్‌లో ఓడ ఏకంగా జార్జ్‌టౌన్ ఊరి ఒడ్డుకే కడుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మకు అంతకంటే ఏం కావాలి? ఒక్క ఫుకెట్ దగ్గరే, ఓడ పటాంగ్ ఎదురుగా లంగరు వేస్తే పడవల్లో దిగాలి. అదే మలేషియా తూర్పు వైపు దీవులు, రెడాంగ్, పెర్హెంతియన్ లాంటివి, జనవరిలో ఈశాన్యానికి ఎదురుగా పడి దాదాపు మూసేసి ఉంటాయి. ఒకే దేశం, మధ్యలో భూమి ఉన్న వైపు వేరు, లేని వైపు వేరు. పల్లెపాలెం అన్న ఎప్పుడూ మలేషియా వెళ్ళలేదు, కానీ ఆయన మాట అక్కడా నిలబడింది.

గాలి లెక్కలో సింగపూర్, లక్షద్వీప్ రెండూ సమానంగా వచ్చాయి. తేడా మా ఇంటి లెక్కలో వచ్చింది. సింగపూర్‌కైతే విమానం, ఓడ కలిపి మనిషికి లక్ష దాటుతోంది. అత్తమ్మ పాస్‌పోర్టు గడువు అయిపోయింది. సింగపూర్‌కు వీసా కావాలి, ఓడ బయటికెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తుంది కాబట్టి రెండుసార్లు ప్రవేశం చెల్లే వీసా అయి ఉండాలి. పైగా చైనా కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఆ వారం దగ్గర పడేకొద్దీ ధరలు పైకి. గుంటల్లో కిందటి పంట ధర సరిగ్గా రాని ఏడాది అది. లక్షద్వీప్ అన్నాం.

కొచ్చి నుంచి ఎం.వి. కవరత్తి అనే ఓడలో 'సముద్రం' అనే ప్యాకేజీ ఉంటుంది, లక్షద్వీప్ పాలనా యంత్రాంగం కింద 'స్పోర్ట్స్' అనే పేరున్న పర్యాటక సంస్థ నడుపుతుంది. ఓడ మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిందే. రాత్రిళ్ళు ఓడ నడుస్తుంది, పొద్దునకల్లా ఒక దీవి దగ్గర ఆగుతుంది, సాయంత్రం మళ్ళీ ఓడెక్కాలి. కల్పేని, కవరత్తి, మినికాయ్, ఈ మూడూ చూపిస్తారు. ముంబై వైపు నుంచి వచ్చే పెద్ద విలాస నౌకలు కూడా సీజన్‌లో అగత్తి దగ్గర ఆగుతుంటాయి. కానీ క్రూజ్ కంపెనీల నిబంధనలన్నిట్లో ఒక వాక్యం ఉంటుంది: వాతావరణాన్ని బట్టి కెప్టెన్ ఏ రేవునైనా వదిలేయవచ్చు, దారి మార్చవచ్చు. అలలు ఎక్కువగా ఉండి పడవలు దించలేకపోతే ఆ రోజు దీవిని దూరం నుంచే చూసి స్విమ్మింగ్‌పూల్ దగ్గర కూర్చోవాలి. డబ్బు కట్టే ముందు ఆ వాక్యం చదవండి. సీజన్ ఎందుకు ముఖ్యమో ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.

లక్షద్వీప్ సీజన్ అక్టోబరు నుంచి మే దాకా అని అందరూ చెబుతారు. నేనైతే రెండు చివర్లూ కోసేస్తాను. 2017లో ఓఖీ తుపాను డిసెంబరు మొదటి రోజుల్లోనే ఆ దీవుల మీదుగా పోయింది. 2021 మేలో తౌక్టే కూడా ఆ పక్క నుంచే వెళ్ళింది. ఏప్రిల్, మే నెలల్లో ఇంకో చిక్కుంది. గాలి లేకుండానే, ఎక్కడో దక్షిణాన హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి కేరళ, లక్షద్వీప్ ఒడ్లకు కొడతాయి. అక్కడి జాలర్లు కల్లక్కడల్ అంటారు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, పడవ మాత్రం ఓడ పక్కన నిలబడదు. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దీనికి ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. అల ఎత్తు, దూరపు అలలు ఎన్ని సెకన్లకు ఒకటి వస్తున్నాయి, ఏ దిక్కు నుంచి వస్తున్నాయి, అన్నీ వాళ్ళ సైట్‌లో పెడతారు. అది కొద్ది రోజుల ముందు మాటే చెబుతుంది కాబట్టి నెల ఎంచుకోవడానికి పనికిరాదు, బయలుదేరే వారంలో మాత్రం రోజూ చూశాను. కేరళ ఒడ్డున మీటరు అటూ ఇటూ చూపించింది. ఆ అంకె చూశాక టెన్షన్ చాలా తగ్గింది. జనవరి నుంచి మార్చి మధ్య దాకా నిశ్చింతగా వెళ్ళే కాలమని నా లెక్క.

ఇక జనవరిలో ఏ వారం అన్నది గాలికి సంబంధం లేని గొడవ. అత్తమ్మ మొదటే చెప్పేసింది: "పెద్ద పండక్కి పెద్దలకు పెట్టుకోకుండా నేను యాడికీ రాను." అందువల్ల కనుమ అయ్యాకే ప్రయాణం. పిల్లలకు బడి కొద్ది రోజులు పోతుంది, పోనీ అనుకున్నాం. అది మాకు ఇంకో రకంగా కలిసొచ్చింది. నెల్లూరు నుంచి ఎర్నాకుళం వైపు వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ మకరజ్యోతి దాకా అయ్యప్ప స్వాములతో నిండిపోతుంది. జ్యోతి దర్శనం అయిపోయాక అటు వెళ్ళే రైలు ఖాళీ, ఇటు వచ్చేది కిక్కిరిసి ఉంటుంది. మేము దీవులు తిరిగి వచ్చేసరికి ఇటు వచ్చే రద్దీ కూడా తగ్గిపోయింది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఓడ తేదీ ఖాయం కాకముందే రైలు టికెట్ తీయాల్సి వచ్చింది. ఓడ తేదీలు మారుతుంటాయి, అవి ముందు దీవుల వాళ్ళ అవసరాలకే. అందుకని కొచ్చిలో అటొక రోజు ఇటొక రోజు ఖాళీ పెట్టుకున్నాం. ఈ ఖాళీ రోజుల మీద మా ఆయన సణిగారు. ఓడ బయలుదేరే వేళ మారిందని ఫోన్ వచ్చాక సణుగుడు ఆగింది.

పల్లెపాలెం అన్న ఇంకో మాట కూడా చెప్పాడు: అమావాస్య, పున్నములకు పోటూ పాటూ ఎక్కువ, పాటు బాగా దిగితే లోతు లేని నీళ్ళలో పడవ నడవడం కష్టం, వీలైతే ఆ రోజులు తప్పించమని. నిజమే గానీ ఓడ తేదీలు మనం అడిగినట్టు రావు. ఆ సలహా వదిలేశాం.

లక్షద్వీప్ మన దేశమే అయినా ప్రవేశ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. దరఖాస్తు, ఫోటోలు, గుర్తింపు కార్డులు, మన పోలీస్ స్టేషన్ నుంచి క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. స్టేషన్‌లో "క్రూజ్‌కు పోలీసులు ఎందుకమ్మా?" అని వాళ్ళే నన్ను అడిగారు. కాగితాల సంగతి ఇంతకంటే చెప్పడానికేం లేదు, ముందుగా మొదలుపెడితే అయిపోతుంది. 2024 జనవరిలో ప్రధాని వెళ్ళొచ్చాక ఆ దీవుల పేరు ఊరూరా వినపడింది, బెర్తులు మాత్రం అప్పటిలాగే పరిమితం. క్యాబిన్ ఎంచుకునే వీలు దొరికితే కింది అంతస్తులో, ఓడ నడుమ భాగంలో అడగండి. ఊపు ముందూ వెనకా, పైనా ఎక్కువ. మాకు నలుగురి క్యాబిన్ వచ్చింది, అత్తమ్మకు ఇంకో క్యాబిన్‌లో ఒక కొట్టాయం ఆవిడ తోడు. భాష తెలియకపోయినా రెండో రాత్రికి ఇద్దరూ మోకాళ్ళ మందులు మార్చుకున్నారు.

నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది ఓడ నుంచి పడవలోకి దిగడం గురించి. దీవుల చుట్టూ పగడపు గట్టు, లోపల లోతు లేని నీళ్ళు. పెద్ద ఓడ చాలాచోట్ల బయటే ఆగుతుంది. ఓడ పక్కనున్న తలుపు తీస్తారు, పడవ ఆనుకుని నిలబడుతుంది, అల లేచినప్పుడు పడవ గడప ఎత్తుకు వస్తుంది, దిగినప్పుడు కిందికి పోతుంది. ఇద్దరు నావికులు జబ్బలు పట్టుకుని, సమానమైన క్షణంలో "వేగం, వేగం" అంటూ అవతలికి పంపిస్తారు. దీని వీడియో ముందే అత్తమ్మకు చూపించాను, దాచిపెట్టి తీసుకెళ్ళడం నాకు ఇష్టంలేక. రెండుసార్లు చూసి, "గుంటల కాడ సన్న గట్టు మీద నడిచినదాన్ని, ఇదేం లెక్క" అంది. నేను పెద్దగా నమ్మలేదు. కల్పేని దగ్గర నిజంగానే దిగింది, నావికుడి భుజం మీద గట్టిగా ఒకటి చరిచి మరీ. కవరత్తి రోజు మాత్రం మోకాలు వాచిందని ఓడలోనే ఉండిపోయింది. డాక్టరు రాసిచ్చిన వాంతుల మాత్ర మొదటి రాత్రి అందరం వేసుకున్నాం, ఆ తర్వాత చిన్నవాడికి తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

కల్పేని లాగూన్‌లో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, నడుము లోతులో నిలబడితే కాలి వేళ్ళ దగ్గర చేపల చారలు లెక్కపెట్టుకోవచ్చు. మైపాడు మట్టి రంగు నీళ్ళు తప్ప ఎరగని మా పిల్లలు అది సముద్రమంటే ఒప్పుకోలేదు. వానాకాలం దాటి, గాలి సద్దుమణిగిన నెలల్లోనే ఆ తేట ఉంటుందని అక్కడి గైడు చెప్పాడు. స్నార్కెలింగ్ కోసమే వెళ్ళేవాళ్ళకు ఆ నెలలు తప్ప వేరే దారి లేదు. మినికాయ్ మిగతా రెండింటి కంటే వేరు. దక్షిణాన విడిగా, మాల్దీవులకు దగ్గరగా ఉంటుంది, అక్కడ మాట్లాడేది మహల్ అనే భాష, మలయాళం కాదు. 1885 నాటి లైట్‌హౌస్ ఎక్కితే దీవి ఆకారం మొత్తం కింద పరిచినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనంలో ట్యూనా పెట్టారు. అత్తమ్మ రుచి చూసి, పులుపు తక్కువైందని తీర్పు ఇచ్చి, రెండోసారి అడిగి వేయించుకుంది. ఆ ప్రాంతంలో మద్యం నిషేధం, అది మా ఆయనకు ముందే తెలుసు, తెలిసీ వచ్చారు.

నాకు నచ్చనిది కూడా ఉంది. ఒక్కో దీవిలో పగటి పూటే ఉండనిస్తారు. ఎండ దిగి ఒడ్డు మీద కూర్చుందాం అనుకునే వేళకు లైఫ్‌జాకెట్లు చేతికిస్తారు. రాత్రి దీవిలో గడపాలనుకునే వాళ్ళకు ఈ దారి సరిపోదు, వాళ్ళు విమానంలో అగత్తి వెళ్ళడం మేలు.

మేము వచ్చాక ఒంగోలు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళాయన లెక్చరర్, సెలవు దొరికేది మేలోనే. "అక్కా, మేలో మేం కూడా లక్షద్వీప్ వెళ్ళొచ్చా?" అంది. వద్దన్నాను. మే చివరికి నైరుతి మొదలవుతుంది. ఆ గాలికి లక్షద్వీప్ ఎదురుగా ఉంటుంది, శ్రీలంక తూర్పు ఒడ్డుకు మాత్రం లంక కొండలే అడ్డం. త్రింకోమలిలో మంచి కాలం మే నుంచి సెప్టెంబరు దాకా. 2023 జూన్‌లో, ముంబై వైపు తిరిగే విలాస నౌక ఒకటి పడమటి తీరంలో వానలు మొదలయ్యాక చెన్నై వచ్చి శ్రీలంకకు నడిచింది. ఈసారి నడుస్తుందా, ఏయే రేవుల్లో ఆగుతుంది, వాళ్ళ సెలవుల్లో తేదీ ఉందా అని కనుక్కోమన్నాను. హంబన్‌తోట ఒక్కటే చూపిస్తే తొందరపడొద్దు, అది దక్షిణపు ఒడ్డు, నైరుతికి ఎదురు. దారిలో త్రింకోమలి ఉంటేనే డబ్బు కట్టమని చెప్పాను. ప్రస్తుతం వాళ్ళు నలుగురూ పాస్‌పోర్టులకు దరఖాస్తు చేసి, పోలీస్ వెరిఫికేషన్ కోసం చూస్తున్నారు.